ఆరుబయట ఒక్కరోజు పాప్-అప్ స్టాల్: ఉన్న కొద్ది డబ్బును దేనిమీద పెట్టాలి?

ప్రశ్న:

నేను సువాసన కొవ్వొత్తులు, సబ్బులు చేతితో తయారుచేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. వాసన చూడకుండానే కొనవలసి రావడం ఈ వ్యాపారంలో మొదటి నుంచీ ఉన్న ఇబ్బంది కాబట్టి, ఒక శనివారం ఆరుబయట స్టాల్ పెట్టి సరుకును నేరుగా జనం చేతికి ఇవ్వాలని అనుకుంటున్నాను. ఒక పార్కు ఎదురుగా ఉన్న ఖాళీ స్థలాన్ని వాడుకోవడానికి దాని యజమాని ఒప్పుకున్నారు. పది అడుగుల మడత టెంటు, రెండు టేబుళ్లు, లైట్ల తోరణాలు, ఒక స్పీకరు సిద్ధం చేసుకుంటున్నాను. ఉదయం 11 నుంచి రాత్రి 8 వరకు నేనూ మా చెల్లెలూ ఉంటాము. మిగిలిన డబ్బును అలంకరణకు పెట్టాలా, ప్రచారానికి పెట్టాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:

రెండింటికంటే ముందు టెంటు కాళ్లకు కట్టే బరువులకు పెట్టండి. మీ జాబితాలో అవి లేవు. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. పది అడుగుల గుడ్డ కప్పు కింద ఆ గాలి దూరిందంటే ఇద్దరు మనుషులు పట్టుకున్నా టెంటు ఆగదు. ఒక్కొక్క కాలికి కనీసం 18 కిలోల బరువు ఉండాలన్నది ఈ పనిలో ఉన్నవారు సాధారణంగా పాటించే లెక్క. నీళ్లు నింపిన 20 లీటర్ల డబ్బా ఆ పని చేస్తుంది, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. అయితే డబ్బాను ఊరికే కాలి పక్కన పెట్టి వదిలేయకుండా, టెంటు పైమూల నుంచి తాడు దించి దానికి బిగించాలి. గాలి మరీ ఎక్కువైతే బేరం మధ్యలో ఉన్నా సరే, కప్పు దించేయడమే మంచిది.

ఇక స్థలం సంగతి. యజమాని ఒప్పుకున్నంత మాత్రాన సరిపోతుందని అనుకోవద్దు. ఆరుబయట అమ్మకానికి, స్పీకరు పెట్టడానికి స్థానిక పాలనా సంస్థ అనుమతి అవసరమేమో ముందే అడిగి, ఉత్తరం రూపంలో తీసుకుని దగ్గర ఉంచుకోండి. అలాగే ఏదైనా ఒక శనివారం సరిగ్గా మీరు అనుకున్న వేళల్లోనే అక్కడ నిలబడి, జనం ఏ వైపు నుంచి వస్తున్నారో, ఎండ ఏ గంటకు ఎటు నుంచి పడుతోందో చూడండి. సాయంత్రం పడమటి ఎండ టెంటు కప్పు కిందుగా, ఏటవాలుగా లోపలికి వస్తుంది కనుక మీ సరుకుకు అది మంచిది కాదు. సోయా మైనంలో చాలా రకాలు 50 డిగ్రీల చుట్టుపక్కలే కరుగుతాయి. ఎండలో తలుపులు మూసి నిలిపిన కారులో అంత వేడి పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. కాబట్టి మిగులు సరుకును కారులో ఉంచవద్దు. టేబుల్ కింద, నీడలో, మూత ఉన్న పెట్టెల్లో ఉంచండి.

రెండవ సమాధానం:

పైవారు చెప్పినదంతా నిజమే గాని, ఆ రోజు నుంచి మీరు ఏమి ఆశిస్తున్నారో ముందు తేల్చుకోవాలి. ఆ ఒక్క రోజు అమ్మకాలతోనే ఖర్చు రాబట్టాలంటే, స్థలం అద్దె, రవాణా, మీ చెల్లెలి కూలితో సహా మొత్తం కలిపి, ఒక్కో వస్తువు మీద మిగిలే లాభంతో భాగించి చూడండి. వచ్చిన సంఖ్య ఆ రోజు మీరు మోసుకువెళ్లగలిగిన సరుకునే మించిపోతే, పండగ చేసినట్టు అలంకరించినా చేతి చమురు వదలక తప్పదు. అలా కాక కొత్త కొనుగోలుదారులను సంపాదించుకోవడమే ఉద్దేశమైతే, కొన్నా కొనకపోయినా ఇష్టపడినవారు తమ వివరాలు రాసి వెళ్లే ఏర్పాటు తప్పక ఉండాలి.

కొవ్వొత్తులను వెలిగించి చూపించకండి. గాలి, గుడ్డ, నిప్పు ఒకచోట చేరకూడదు. పైగా ఆరుబయట ఆ వాసన నిలవదు. నమూనాలను మూత ఉన్న గాజు సీసాల్లో ఉంచి, మూత తీసి దాని లోపలి వైపు వాసన చూడమనండి, ఎందుకంటే పరిమళం అక్కడే పేరుకుని ఉంటుంది. నాలుగైదు రకాలకు మించి ముందుకు పెట్టకపోవడం మంచిది, ఆ తరువాత ముక్కుకు తేడా తెలియదు.

బోర్డు మీద అక్షరాల ఎత్తు, చదవవలసిన దూరంలో ప్రతి పది అడుగులకు ఒక అంగుళం చొప్పున ఉండాలని ఒక లెక్క ఉంది. ముప్పై అడుగుల అవతల నడిచేవారికి మూడు అంగుళాల అక్షరాలు కావాలి. అందమైన వంపుల అక్షరాలతో సంస్థ పేరు ఒక్కటే రాసి, అక్కడ అమ్ముతున్నది ఏమిటో రాయని బోర్డులే నాకు ఎక్కువగా కనబడుతుంటాయి. ధరలు మాత్రం ప్రతి వస్తువు దగ్గరా ఉండాలి, అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవారు చాలామంది. తొలిరోజు తగ్గింపు కూడా ప్రకటిస్తే జనం ఆగుతారు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. బరువుల సంగతి నాకు తట్టనే లేదు. ఇంకో రెండు సందేహాలు ఉన్నాయి. అక్కడ కరెంటు లేదు, జనరేటరు అద్దెకు తీసుకోవాలా? వాన సూచన ఉంటే ఏమి చేయాలి?

మూడవ సమాధానం:

తగ్గింపు విషయంలో పైవారితో నేను ఏకీభవించను. ఆన్‌లైన్‌లో పూర్తి ధరకు కొన్న పాతవారు అది చూస్తే నొచ్చుకుంటారు, కొత్తవారికి ఆ తగ్గింపు ధరే అసలు ధరగా మనసులో నిలిచిపోతుంది. దానికి బదులు చిన్న సబ్బు ముక్కను నమూనాగా ఇవ్వడం నయం.

జనరేటరు అవసరం లేదు, దాని హోరు, పొగ వాసన మధ్య మీ పరిమళాలు ఎవరికి తెలుస్తాయి? 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఎనిమిదింటిని మూడు గంటలు వెలిగిస్తే అయ్యేది 216 వాట్-అవర్లు. నష్టాలు పోను 300 వాట్-అవర్ల బ్యాటరీ చాలు. స్పీకరును ఇంట్లోనే ఛార్జి చేసి తెచ్చుకోవచ్చు. చెల్లింపులు తీసుకునే ఫోనును మాత్రం ఎండలో పెట్టవద్దు, వేడెక్కితే తెర మసకబారి, ఒక్కోసారి పనిచేయడమే మానేస్తుంది.

తొమ్మిది గంటలు ఇద్దరే నిలబడటం కష్టం కాబట్టి, మొదటి సమాధానంలో చెప్పినట్టు ఒకసారి అక్కడికి వెళ్లి చూసి, జనం పలచగా ఉండే మధ్యాహ్నం గంటలను వదిలేయండి. వాన విషయానికి వస్తే, స్థలం మాట్లాడుకునేటప్పుడే మరుసటి శనివారాన్ని కూడా ప్రత్యామ్నాయ తేదీగా ఒప్పందంలో రాయించుకోండి, కట్టిన డబ్బు దానికి బదిలీ అయ్యేలా చూసుకోండి. ముందురోజు సాయంత్రం ఒక గంట నిర్ణయించుకుని, అప్పటి వాతావరణ సూచనను బట్టి జరుగుతుందో లేదో ప్రకటించేయండి. ఆ గంట ఏదో ప్రచారంలోనే రాసి ఉంచితే, తెల్లవారుజామున మీకు ఫోన్లు చేసేవారు ఉండరు.