అరకు దగ్గర మా ఊళ్లో హోమ్‌స్టే: డబ్బు ఊళ్లోనే నిలవాలంటే ఎలా?

అందరికీ నమస్కారం. మాది అరకు లోయలో చిన్న గిరిజన గ్రామం. చలికాలం వస్తే రోడ్డంతా కార్లే. వచ్చినవాళ్లు ఫొటోలు దిగి, బొంగులో చికెన్ తిని, సాయంత్రానికి వెళ్లిపోతారు. మాకు మిగిలేది వాగు ఒడ్డున ప్లాస్టిక్ ప్లేట్లు, ఖాళీ సీసాలు. మొన్న మా అమ్మ ఒక్కతే రెండు గోనెసంచులు ఏరింది.

మా డ్వాక్రా సంఘంలో ఆరుగురం కలిసి రెండిళ్లలో గదులు సిద్ధం చేస్తున్నాం. రాగి అంబలి, మా కాఫీ, తోటల్లో నడక, ఇవే మా దగ్గరున్నవి. మా గిరిజన నృత్యం థింసా ఆడే మా పెద్దమ్మలను టూరిస్టుల కోసం అర్ధరాత్రి దాకా ఆడించడం మాత్రం నాకిష్టం లేదు. ఏజెన్సీ భూములకున్న 1/70 చట్టం ప్రకారం మా స్థలాలు గిరిజనేతరులకు అమ్మడమే కాదు, లీజుకివ్వడం కూడా చెల్లదు. అయినా స్థలం అడిగేవాళ్లు వస్తూనే ఉన్నారు, అదే టెన్షన్.

కేరళలో కుమరకం అనే టూరిస్టు ఊళ్లో కుటుంబశ్రీ (మన డ్వాక్రా లాంటి సంఘాలు) మహిళలు హోటళ్లకు కూరగాయలు అమ్ముతారని చదివాను. మన దగ్గర ఎవరైనా రిసార్టులతో అలా మాట్లాడుకున్నారా? గదులివ్వని ఇళ్లకు వాటా ఎలా పంచారు? వేసవిలో ఎవరూ రానప్పుడు ఎలా నెట్టుకొచ్చారు? చెత్తకు మనిషికింత అని తీసుకుంటే టూరిస్టులు ఇస్తారా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి. డిసెంబరులోపు మొదలుపెట్టాలి.