ఒకేసారి ముగ్గురు సీరియస్ వస్తే ముందు ఎవరి దగ్గరికి పోవాలె?

అక్కలూ అన్నలూ, నేను హన్మకొండల ఒక ప్రైవేట్ హాస్పిటల్ల మెడికల్ వార్డుల కొత్తగ స్టాఫ్ నర్సుగ చేరిన, సీనియర్లు జర చెప్పుండ్రి. పత్తికి మందు కొట్టే సీజన్ కదా, నైట్ డ్యూటీల ఒక్కతే సిస్టర్ ఉన్నప్పుడు ఇట్ల వచ్చిండ్రనుకోండి: మందు ఎక్కిన రైతు, నోట్లె నురగ, ఛాతిల గరగర, ఇంకొకామెకు షుగర్ 48, చెమటలు, మాట తడబడుతుంది, మూడో ఆయన పాత సీఓపీడీ (ఊపిరితిత్తుల జబ్బు) తాత, సాచురేషన్ (రక్తంల ఆక్సిజన్ శాతం) 89.

ఏబీసీ (ముందు శ్వాసదారి, తర్వాత ఊపిరి, ఆ తర్వాత రక్తప్రసరణ) ప్రకారం రైతే ఫస్ట్, పక్కకు తిప్పి సక్షన్ (నోట్లె నురగ గుంజే మిషన్) పెట్టి ఆక్సిజన్ ఇచ్చి డాక్టర్‌ను పిలవాలె, అంతవరకు క్లియరే. కానీ షుగర్ ఆమెకు ఐవీ లైన్ ఉంటే డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కియ్యడానికి ఎంత సేపు, ఆమెను ఆపితే ఫిట్స్ వస్తయేమోనని భయం, మీరైతే ఎట్ల చేస్తరు, ఆయాను సక్షన్ కాడ నిలబెడ్తరా (నాకైతే ధైర్యం చాలదు)?

ఇంకొకటి, న్యూస్-2 (పల్స్, బీపీ లాంటివి చూసి పేషెంట్ ఎంత సీరియస్సో నంబర్ ఇచ్చే పద్ధతి) స్కోర్ల మామూలు స్కేల్ల సాచురేషన్ 89 అంటే 3 పాయింట్లు, తాతకు టార్గెట్ 88-92 అని డాక్టర్ రాస్తే రెండో స్కేల్ల సున్నా, షుగర్‌కైతే అసలు కాలమే లేదు, మరి ఆ నంబర్ చూసి ఎవరు ముందో ఎట్ల తేల్చుడు?

రైతుకు అట్రోపిన్ (పురుగుమందు విషానికి విరుగుడు) నడుస్తున్నప్పుడు కంటిపాప కంటే ఛాతి క్లియర్ అయిందా, పల్స్ 80 దాటిందా అనేదే ముఖ్యమని చదివిన. మీ వార్డుల ఎన్ని నిమిషాలకోసారి చూసి చార్టుల రాస్తరు?