అప్‌డేట్: తమ్ముడి ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల సంగతి

పది రోజుల కింద అడిగాను కదా, తమ్ముడికి తెలంగాణ ఎప్‌సెట్‌లో (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) 13 వేల ర్యాంకు, కౌన్సెలింగ్‌లో 12 ఆప్షన్లు (ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో వరుసగా పెట్టేవి) సరిపోతాయా అని. చాలవని అందరూ తిట్టారు, మంచిదైంది. నిరుడు ఏ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చెప్పే లాస్ట్ ర్యాంకుల పట్టికలో మా కేటగిరీ కాలమ్ ఒక్కటే చూస్తూ రాత్రి రెండింటి దాకా కూర్చుని 64కి పెంచాం. ఆశ కొద్దీ సీబీఐటీ, వాసవి లాంటి పెద్ద కాలేజీలు పైనే ఉంచాం, పైది రాకపోతేనే కిందది చూస్తారు కాబట్టి పెడితే పోయేదేం లేదు. మధ్యలో 10 నుంచి 16 వేల దగ్గర ఆగినవి, అడుగున 25 వేల దాకా వెళ్లినవి, అవీ వాడు నిజంగా చేరతానన్నవే. సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) తప్ప వద్దన్న నాన్నను ఈసీఈకి (ఎలక్ట్రానిక్స్) ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

నిన్న అలాట్‌మెంట్ వచ్చింది: 23వ ఆప్షన్, ఈసీఈ, ఇంటి నుంచి ఒకే బస్సు! ఫీజు కట్టేశాం. రెండో విడతలో ఆ పై 22 మాత్రమే పెడతాం.