నవంబరు రెండో వారంలో వియత్నాం: హోయ్ ఆన్ ఉంచాలా, తీసేయాలా?

నలుగురం, అందులో ఇద్దరు అరవై దాటినవాళ్లు. మొత్తం 9 రాత్రులు. హనోయ్ 3, హా లాంగ్ పడవలో 1, డా నాంగ్–హోయ్ ఆన్ 3, చివర హో చి మిన్ సిటీ 2 అనుకుంటున్నాం.

చిక్కంతా మధ్యలోనే. నవంబరులో హనోయ్ పొడిగా, చల్లగా ఉంటుంది. దక్షిణాన ఉన్న ఫు క్వోక్ దీవిలోనూ వానలు తగ్గుముఖం పడతాయి. హోయ్ ఆన్‌కు మాత్రం అక్టోబరు, నవంబరు వరదల కాలం. తూ బోన్ నది పొంగితే పాత ఊరి వీధుల్లో పడవలే దిక్కు. ఆ మూడు రాత్రులూ ఫు క్వోక్‌కు మార్చడం మేలా? లేక డా నాంగ్‌లో బస చేసి, వాన తెరిపిచ్చిన రోజు 30 కిలోమీటర్లు కారులో వెళ్లొస్తే సరిపోతుందా? ఈ నెలలో వెళ్లినవాళ్లు చెప్పండి.

ఈ-వీసా 25 డాలర్లు, ఒక్కసారి ప్రవేశానికి. దిగే విమానాశ్రయం దరఖాస్తులోనే రాయాలి కాబట్టి దారి ముందే తేలాలి. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా రెండో గడిలోనే ఉంది (మనవాళ్లలో మామూలే కదా). ఇలాంటివాళ్లు ఫారంలో ఎలా నింపారు? టికెట్‌పై పేరు ఎలా వచ్చింది?

స్కూటర్ ఊసు వద్దు. మన అంతర్జాతీయ డ్రైవింగ్ లైసెన్సు 1949 నాటి రోడ్డు ట్రాఫిక్ ఒప్పందానిది, అక్కడ చెల్లేది 1968 ఒప్పందానిది. ప్రమాదం జరిగితే బీమా రాదు.

ఇద్దరు శాకాహారులు. 'చాయ్' (chay, అక్కడ శాకాహారం అని అర్థం) అని రాసిన హోటళ్లలో చేపల సాస్ పడదని తెలుసు. పడవలో భోజనానికి ముందే చెబితే నిజంగా పాటిస్తారా?