పాత జీపుకి ముందు చక్రాల షాఫ్ట్ విప్పేయాలా, ఉంచాలా?

జీడితోట_జీపు:
అందరికీ నమస్కారం అండి. నాది 1997 మోడల్ మహీంద్రా ఎంఎం 540, పెజో 2112 సీసీ డీజిల్, ఫోర్ బై ఫోర్. మా నాన్నగారు కొన్న బండి. రంపచోడవరం దగ్గర జీడి తోట ఉంది, వారానికి రెండుసార్లు దాని మీదే వెళ్లొస్తాను, మిగతా రోజుల్లో రాజమండ్రిలో ఇంటి ముందే ఉంటుంది. రెండు నెలలుగా 45 దాటితే చాలు, కింద నుంచి గుయ్యిమంటూ ఒక వణుకు. దానికి తోడు గేరు వేసి క్లచ్ వదలగానే టక్ మని చప్పుడు. మా షెడ్డు మేస్త్రి కిందకి దూరి చూసి, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ముందు చక్రాలకి బలం మోసే గొట్టం) క్రాసులు, అంటే దాని కొసల కీళ్లు, అయిపోయాయి, మీరు ఫోర్ వీల్ ఎప్పుడేస్తారు గనక, ఆ షాఫ్ట్ విప్పి వెనక సీటు కింద పడేయండి, మైలేజీ కూడా ఒకటీ రెండు కిలోమీటర్లు పెరుగుద్ది అన్నాడు. ఆయన నా చిన్నప్పటి నుంచి ఈ బండిని చూస్తున్న మనిషి, కాదనలేను. కానీ విప్పేశాక దాన్ని ఫోర్ బై ఫోర్ అని ఎలా అంటామని ఒకటే పీకుతోంది. నా బండికి ఫ్రీ వీల్ హబ్బులు (ముందు చక్రాన్ని యాక్సిల్ నుంచి విడదీసేవి) లేవు, రెంటినీ ఎప్పుడూ కలిపే ఉంచే మామూలు ఫ్లాంజీలే. మీరేమంటారు?

సర్వీసుబండి:
విప్పేయ్ తమ్ముడూ, ఆలోచించకు. నేను పాడేరు వైపు పద్దెనిమిదేళ్లు కమాండర్ తోలాను, లోపల పదిమంది, పైన బియ్యం బస్తాలు. వెనక చక్రాలకే బలం వెళ్లే టూ వీల్ బండే. ఘాట్‌లో ఎక్కలేక ఆగిపోయింది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అరిగిన క్రాసు పెట్టుకుని తిరగడం కన్నా ప్రమాదం ఇంకోటి లేదు. షాఫ్ట్ తెగి ఒక కొస కిందపడి రోడ్డుకి గుచ్చుకుందనుకో, బండి ఏమవుతుందో నీ ఊహకే వదిలేస్తున్నా. వాడని సామాను కింద వేలాడదీసి, దానికి గ్రీజు కొడుతూ, సీల్ మారుస్తూ, ఇదంతా ఎవరి కోసం?

గేరాయిల్_90:
మేస్త్రిగారి మీద గౌరవం ఉంది గానీ, ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి.

మొదటిది ఆ టక్. మీరు టూ వీల్‌లో ఉండగా క్లచ్ వదిలితే వస్తోందా? అయితే అది ముందు షాఫ్ట్‌ది కాదండి. టూ వీల్‌లో ఇంజిన్ బలం ముందు షాఫ్ట్‌కి వెళ్లదు. మీకు హబ్బులు లేవు కాబట్టి రోడ్డు మీద చక్రాలు తిరిగినంతసేపూ యాక్సిల్, క్రౌను, పినియన్ (యాక్సిల్‌ని షాఫ్ట్‌కి కలిపే గేర్లు), షాఫ్ట్ అన్నీ ఊరికే తిరుగుతుంటాయంతే. బలం పడగానే టక్ మందంటే చూడాల్సింది వెనక షాఫ్ట్ క్రాసులు, దాని స్ప్లైన్ (షాఫ్ట్ రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరే పళ్ల జాయింటు), వెనక క్రౌను పినియన్ ఆట, అంటే వదులు. 45లో వచ్చే వణుకు మాత్రం ముందుదీ కావచ్చు, వెనకదీ కావచ్చు.

రెండోది మైలేజీ. హబ్బులు లేని బండికి షాఫ్ట్ విప్పితే తగ్గేది ఆ ఒక్క గొట్టం తిరగడమే. ముందు క్రౌను, పినియన్, యాక్సిల్ రాడ్లు చక్రాలతో పాటు తిరుగుతూనే ఉంటాయి, 90 నంబరు చిక్కటి ఆయిల్‌ని చిలుకుతూనే ఉంటాయి. ఇక లీటరుకి రెండు కిలోమీటర్లు ఎక్కడి నుంచి వస్తాయి? హబ్బులున్న బండైతే, వాటిని ఫ్రీలో పెడితే ఆ షాఫ్ట్ అసలు తిరగనే తిరగదు, విప్పినా విప్పకపోయినా ఒకటే. ఎటు చూసినా మైలేజీ మాట నిలబడదు.

షాఫ్ట్ విప్పారు కదా అని ముందు యాక్సిల్ పని తప్పదు కూడా. ఆ ఆయిల్ మార్చాలి, నకిల్స్‌లో (ముందు చక్రాలు పక్కకి తిరిగే కీళ్లు) గ్రీజు చూడాలి, వాటి కింగ్ పిన్ బేరింగులు చూడాలి. పని అంతా మిగులుతుంది, లాభం మాత్రం పోతుంది.

ఉట్నూరు_నల్లరేగడి:
నా సంగతి చెప్తా వినన్నా. మాది పత్తి చేను, నల్లరేగడి. వాన పడితే ఎడ్లబండి కూడా దిగబడుతది. నేను కొన్నప్పుడే బండికి ముందు షాఫ్ట్ లేదు, అమ్మినాయన ఆ ముచ్చట చెప్పలే, నేనూ వంగి చూడలే. జులైలో చేనులో దిగబడింది. ఫోర్ వీల్ వేసిన, కదల్లే. "ఫోర్ లో" (ఫోర్ వీల్‌ల బలం పెంచే లో గేరు) వేసి ఎక్సలేటర్ తొక్కిన. ఒక్కటే ధడేల్. వెనక యాక్సిల్ రాడ్డు తెగింది. తర్వాత తెలిసింది, లో గేరు వేసినప్పుడు పెరిగే బలమంతా ముందూ వెనకా పంచుకోవాలె, ముందు షాఫ్ట్ లేకపాయె, మొత్తం వెనక మీదనే పడ్డది. అందుకే ఈ బండ్లల్ల ఫ్రంట్ వెయ్యకుండా లో పడకుంటా లోపల అడ్డం పెడతరట. షాఫ్ట్ విప్పితే ఆ అడ్డం ఉన్నా లేనట్టే కదా, లివర్ పడుతది, ముందుకు పోయే బలం మాత్రం ఉండది.

సర్వీసుబండి:
అది నువ్వు చూసుకోకుండా కొన్న తప్పు తమ్ముడూ, షాఫ్ట్ తప్పు కాదు. విప్పినోడు లో లివర్ ముట్టుకోకూడదు. మా షెడ్డులో విప్పితే డాష్‌బోర్డు మీద పెయింటుతో రాసేవాళ్లం.

బుల్లెట్_టు_జీప్:
నాకైతే విప్పాక మైలేజీ పెరిగింది. లెక్కలు మీరు చేసుకోండి, నేను పంపు దగ్గర చూశా.

గేరాయిల్_90:
విప్పినరోజే టైర్లలో గాలి కొట్టించారా? సర్వీసింగ్ ఏమైనా?

బుల్లెట్_టు_జీప్:
ఫుల్ సర్వీసింగ్ చేయించా. ఎయిర్ ఫిల్టరు, ఆయిలు, టైర్లు కూడా మార్చా. అయితే ఏంటి?

గేరాయిల్_90:
ఏం లేదండి.

జిప్సీ_ఎంజీ410:
నాది జీపు కాదు, పాత జిప్సీ, 970 సీసీ కార్బురేటర్ బండి. అయినా చెప్తాను, ఎందుకంటే ఈ గొడవ మా దగ్గరా ఉంది. జిప్సీకి ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక షాఫ్టులకి బలం పంచే గేర్ల పెట్టె) గేర్‌బాక్సుకి దూరంగా విడిగా ఉంటుంది కాబట్టి షాఫ్టులు మూడు, అంటే క్రాసులు కూడా ఆ లెక్కనే. 2019లో బండి తయారీ ఆగిపోయాక మేం ఏ సామాను దొరికినా దాచుకునే స్థితికి వచ్చాం, విప్పి సీటు కింద పడేసే ధైర్యం ఎవరికీ లేదు.

నా సలహా, ముందు చక్రాలకి ఫ్రీ వీల్ హబ్బులు పెట్టించుకోండి. యాక్సిల్ కొస మీది స్ప్లైన్లు (పళ్లు) లెక్కపెట్టుకుని సరిపోయేవి వెతకాలి, అదొక్కటే తలనొప్పి. నెలకోసారి హబ్బులు లాక్ చేసి, లివర్ మాత్రం టూ వీల్‌లోనే ఉంచి, పది కిలోమీటర్లు తిప్పండి. లోపలి భాగాలన్నీ ఆయిల్లో తడుస్తాయి, సీళ్లు ఎండిపోవు, తారు రోడ్డు మీదైనా ఏ ఇబ్బందీ ఉండదు.

బుల్లెట్_టు_జీప్:
నేను అప్పట్లో నెలకోసారి హైవే మీద ఏకంగా ఫోర్ వీలే వేసేవాణ్ణి, గ్రీజు అంతా తిరగాలని. లివర్ ఇరుక్కుపోయేది, తన్నితే గానీ వచ్చేది కాదు. అందుకే విసుగొచ్చి విప్పేశా.

గేరాయిల్_90:
ఇదిగో, అసలు రోగం ఇక్కడ దొరికింది! మలుపులో ముందు చక్రాలు వెనక వాటికన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. ఈ బండ్లలో ముందుకీ వెనక్కీ మధ్య ఆ తేడాని సర్దే డిఫరెన్షియల్ లేదు. బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు. ఆ తేడా అంతా షాఫ్టుల్లో, గేర్లలో తాడు మెలి పెట్టినట్టు బిగుసుకుంటుంది, అందుకే లివర్ రాదు. తన్నకండి. తిన్నగా నాలుగు గజాలు రివర్స్ వెళ్తే మెలి వదులుతుంది. ముందొక సైజు, వెనకొక సైజు టైర్లు, లేదా ముందు కొత్తవి వెనక అరిగినవి వేసినా ఇదే బాధ, తిన్నగా వెళ్తున్నా సరే.

క్రాసులు చెడిపోయేది ఫోర్ వీల్ వాడితే కాదు, వాడకూడని చోట వాడితే, గ్రీజు కొట్టకపోతే.

సర్వీసుబండి:
సరే, గ్రీజు దగ్గరికి వచ్చావు కాబట్టి అడుగుతా. పట్నంలో ఉండి వారానికి రెండుసార్లు బండి తీసే మనిషి, కిందకి దూరి నిప్పిల్ (గ్రీజు ఎక్కించే మొన) తుడిచి గన్ పట్టుకుని కొడతాడా? నేను చూసిన ఓనర్లలో నూటికి తొంభై మంది కొట్టరు. షెడ్డుకి ఇస్తే కుర్రాడు కనబడే రెండు నిప్పిళ్లకి కొట్టి ఆరింటికి డబ్బులు రాయిస్తాడు. కొట్టని క్రాసు కన్నా లేని క్రాసే నయం. నేను చెప్పేది బండి గురించి కాదు, మనుషుల గురించి.

గేరాయిల్_90:
ఈ మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు అన్నా.

కొట్టేవాళ్ల కోసం చెప్తున్నా. క్రాసు నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి, ఒక కప్పు నుంచి రాకపోతే అది మూసుకుపోయినట్టే. కప్పు అంచుల్లో ఎర్రటి తుప్పు పొడి కనబడితే లోపలి సూది బేరింగులు ఎండిపోయి అరుగుతున్నాయని అర్థం, ఇక దానికి గ్రీజు కొట్టినా లాభం లేదు, మార్చాల్సిందే. వాగు దాటి వచ్చాక తప్పకుండా కొట్టాలి. మీది రంపచోడవరం వైపు కాబట్టి ఇంకోటి. వేడెక్కిన యాక్సిల్ హౌసింగ్ చల్లటి వాగులో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. బ్రీదర్ (దానికి గాలి ఆడే రంధ్రం) మట్టితో పూడిపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చేస్తుంది. ఆయిల్ విప్పి చూడండి, పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టు.

కిందకి దూరే ముందు ఒక్క మాట. పాత జీపుల్లో చాలావాటికి హ్యాండ్ బ్రేకు చక్రాలకి ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, షాఫ్ట్ మీద ఉంటుంది. మీదీ అలాంటిదైతే, వెనక ఒక చక్రం జాకీ మీద లేపగానే ఆ బ్రేకు పట్టదు. లేచిన చక్రం వెనక్కి తిరుగుతుంది, నేల మీదున్నది ముందుకి దొర్లుతుంది, బండి మీ మీదకి వస్తుంది. వెనక షాఫ్ట్ విప్పినా అంతే. చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టకుండా వేలు కూడా పెట్టకండి. ముందు షాఫ్ట్ ఉంటే ఫోర్ వీల్ వేసి ముందు చక్రాలతో బండిని నిలబెట్టుకోవచ్చు, దాన్ని ఉంచమనడానికి ఇది కూడా ఒక కారణం.

జీడితోట_జీపు:
అందరికీ థాంక్స్ అండి. ఆదివారం పొద్దున్న రాళ్లు అడ్డం పెట్టి, మా బావమరిదిని కాపలా ఉంచి, నేనే దూరాను. ముందు షాఫ్ట్ విప్పేసి దివాన్ చెరువు దాకా వెళ్లొచ్చాను. టక్ అలాగే ఉంది! వణుకు మాత్రం సగానికి తగ్గింది.

వెనక షాఫ్ట్ చూస్తే పినియన్ వైపు క్రాసు చుట్టూ గేరాయిల్ గారు చెప్పిన ఎర్ర పొడే. చేత్తో పట్టి మెలితిప్పితే కటకట ఆడుతోంది. మేస్త్రి ముందు షాఫ్ట్ అంటుంటే, ఇది ఇన్నాళ్లూ వెనక తెగడానికి రెడీగా ఉంది. తలచుకుంటే ఒళ్లు జలదరించింది.

ముందు షాఫ్ట్ క్రాసులు ఎండిపోయాయి గానీ ఆట లేదు, గ్రీజు కొట్టాక మెత్తగా తిరుగుతున్నాయి. మరి వణుకు ఎందుకని చూస్తే, షాఫ్ట్ రెండు కొసల యోకులూ (క్రాసుని పట్టుకునే కొమ్ములు) ఒకే వరసలో లేవు. ఎప్పుడో స్ప్లైన్ దగ్గర ఊడదీసి, గుర్తు పెట్టుకోకుండా ఎలా పడితే అలా దూర్చారు. ఎక్కడ దూర్చారో నాకు తెలుసు, పేరు చెప్పను, మళ్లీ అక్కడికే వెళ్లాలి కదా. రెండు యోకులూ వరసకి తెచ్చి, సుద్దతో కాదు సెంటర్ పంచితో గుర్తు కొట్టి బిగించాను. వెనక క్రాసు కొత్తది వేయించాను. ఇప్పుడు 60లో కూడా గ్లాసులో నీళ్లు కదలవు అనను, పెజో ఇంజిన్ కదా, అదెలాగూ ఊపుతుంది. కానీ ఆ గుయ్యి పోయింది.

షాఫ్ట్ ఉంచేశాను. మేస్త్రికి చెప్తే "నేను ముందు వెనకా రెండూ చూడమన్నాను, మీరే సరిగ్గా వినలేదు" అంటున్నాడు. హబ్బుల సంగతి జీడిపిక్కల డబ్బులు వచ్చాక చూస్తా.

ఉట్నూరు_నల్లరేగడి:
మంచి పని చేసినవన్నా. ఫోటో పెట్టు ఆ గుర్తుది.

సర్వీసుబండి:
బాగుచేశావు, సంతోషం. నేనేం మాట మార్చను. వచ్చే దసరాకి ఇక్కడికే వచ్చి చెప్పు తమ్ముడూ, ఈలోపు ఎన్నిసార్లు గ్రీజు కొట్టావో.