అప్‌డేట్: మేనేజర్ అయితేనే జీతం పెరుగుతుందా?

మేనేజర్ కాకపోతే జీతం అక్కడే ఆగిపోతుందా అని పోయిన నెల అడిగాను కదా. చివరికి హెచ్‌ఆర్‌నే అడిగేశాను. మా కంపెనీలో స్టాఫ్ ఇంజనీర్‌కీ (టీమ్‌ని మేనేజ్ చేయకుండా ఇంజనీరింగ్ పనిలోనే పైకెదిగిన ఇంజనీర్) టీమ్ మేనేజర్‌కీ లెవెల్ ఒకటే, జీతం బ్యాండ్ (పరిధి) కూడా ఒకటేనట. ఫేస్‌బుక్ కంపెనీ మెటాలోనూ ఈ6 లెవెల్ ఇంజనీర్, ఎం1 లెవెల్ మేనేజర్ ఒకే మెట్టు. ఈ7కి ఎం2 సమానం. అంటే మేనేజర్‌గా వెళ్లడం ప్రమోషన్ కాదు, పని మారడం. మా టీమ్‌లో ఒక సీనియర్ ఇంజనీర్‌కి మేనేజర్ కంటే కంపెనీ ఇచ్చే షేర్లు ఎక్కువట (ఆయనే చెప్పాడు, నేను అడగలేదు!).

తేడా పైమెట్లలో ఉంది. టీమ్‌లు పెరిగేకొద్దీ మేనేజర్ పోస్టులు వస్తాయి, ప్రిన్సిపల్ ఇంజనీర్ (స్టాఫ్ కంటే పై మెట్టు) పోస్టులు అలా రావు. మా దగ్గర డైరెక్టర్లు 11 మంది, ఆ స్థాయి ఇంజనీర్లు ఇద్దరే. అది విని కాస్త టెన్షన్ పడ్డాను గానీ, రోజంతా మీటింగుల్లో కూర్చోవడం నా వల్ల కాదు. స్టాఫ్‌కే అప్లై చేశాను.