ఒక్కదాన్నే మా చుట్టుపక్కల షాపులు, కేఫ్‌లు తిరిగి చూడాలనుంది, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తున్నాను

ప్రశ్న (కిటికీసీటు):

ఉద్యోగం కోసం కొత్త నగరానికి వచ్చి నాలుగు నెలలైంది. ఆఫీసు, గది, మళ్లీ ఆఫీసు, ఇంతే నా తిరుగుడు. కావాల్సినవన్నీ ఫోన్‌లో ఆర్డర్ పెడితే గుమ్మం ముందుకే వస్తున్నాయి కాబట్టి వీధిలోకి వెళ్లాల్సిన పనే పడటం లేదు. కానీ మా గదికి పది నిమిషాల నడకలో ఒక పాత పుస్తకాల షాపు, దారాలూ గుండీలూ అమ్మే ఇరుకు కొట్టు, కిటికీ పక్కన చెక్క బల్లలున్న చిన్న కేఫ్ ఉన్నాయి, రోజూ బస్సులోంచి వాటిని చూస్తూ వెళ్లిపోతున్నాను.

మొన్న ఆదివారం తయారై కేఫ్ దాకా వెళ్లాను. అద్దంలోంచి చూస్తే అందరూ ఇద్దరిద్దరుగా, గుంపులుగా కూర్చున్నారు. ఒక్కదాన్నే వెళ్లి కూర్చుంటే అందరి కళ్లూ నా మీదే ఉంటాయనిపించి, ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని తిరిగొచ్చేశాను. గదికొచ్చాక చాలా బాధేసింది. స్నేహితులు దొరికేదాకా ఆగాలంటే ఎప్పటికి దొరుకుతారో తెలియదు, ఈలోపు నేనుంటున్న చోటు నాకు తెలియకుండానే ఉండిపోతుంది.

ఒంటరిగా తిరగడం అలవాటైనవాళ్లు మొదట్లో ఏం చేశారో చెప్పండి. ఏమీ కొనకుండా షాపులోకి వెళ్తే వాళ్లు ఏమనుకుంటారన్నది ఇంకో మొహమాటం. అమ్మాయిని కాబట్టి జాగ్రత్తల గురించి కూడా చెబితే మేలు.

కాలినడక:

మీరు కేఫ్‌తో మొదలుపెట్టడం వల్లే ఇబ్బంది వచ్చిందనుకుంటున్నానండీ. కేఫ్‌లో కూర్చోవడమే పని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. అదే ఏదైనా బాగు చేయించుకోవడానికి వెళ్లి చూడండి, అక్కడ మీరు ఎందుకు నిలబడ్డారో ఎవరికీ చెప్పక్కర్లేదు. తెగిన వాచీ బెల్టు, ఊడిన గుండీ, కుట్టు విడిపోయిన చెప్పు, జిప్పు పాడైన బ్యాగు, ఇలాంటివి ప్రతి ఇంట్లో ఒకటైనా ఉంటాయి. ఆ పని చేసేవాళ్లు ఎక్కడున్నారని వెతుక్కుంటూ వెళ్తే మెయిన్ రోడ్డు మీద దొరకరు, అద్దె తక్కువని సందుల్లోనే ఉంటారు, అలా వెనక వీధులు వాటంతటవే తెలుస్తాయి.

నేను ఒకసారి గొడుగు కమ్మీ వేయించుకోవడానికి వెళ్లాను. ఆ పెద్దాయన పని చేస్తూ చేస్తూ ఇరవై నిమిషాల్లో ఆ వీధి చరిత్రంతా చెప్పేశారు. ఏ షాపు ఎప్పుడు మూసేశారు, ఎవరి అబ్బాయి ఇప్పుడు నడుపుతున్నాడు, మధ్యాహ్నం పూట ఏ పక్క నీడ ఉంటుంది, అన్నీ. ఏ మ్యాప్‌లోనూ అవి దొరకవు.

ఇంకో మాట. ఆదివారం సాయంత్రం వెళ్లొద్దు. అది అందరూ కుటుంబాలతో వచ్చే సమయం, అప్పుడు ఒంటరితనం రెట్టింపుగా అనిపిస్తుంది, పైగా షాపువాళ్లకు మాట్లాడే తీరిక ఉండదు. సెలవు పెట్టిన రోజో, పనిరోజుల్లో ఉదయం రద్దీ తగ్గాకో వెళ్లండి, అప్పుడు కేఫ్‌లో ఒక్కొక్కళ్లే కూర్చునేవాళ్లు చాలామంది కనిపిస్తారు.

కొట్టుపిల్లాడు:

ఏమీ కొనకుండా వెళ్తే ఏమనుకుంటారన్నారు కదా, దానికి నేను చెప్తాను. మా నాన్నకు షాపు ఉండేది, చిన్నప్పుడు బడి అయిపోగానే గల్లా పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకునేవాణ్ని, ఇప్పుడు అదే షాపు నేను చూసుకుంటున్నాను.

చూసి వెళ్లిపోయేవాళ్ల మీద మాకు కోపం ఉండదండీ. రోజంతా ఎవరూ రాని రోజు ఎంత బరువుగా గడుస్తుందో బయటివాళ్లకు తెలియదు, అలాంటప్పుడు ఒక మనిషి లోపలికొచ్చి ఇష్టంగా వస్తువులు చూస్తుంటే బాగుంటుంది. పైగా లోపల ఒకరు కనిపిస్తే ఇంకొకరు వస్తారు, ఖాళీ షాపులోకి అడుగు పెట్టడానికి జనం వెనకాడతారు. మాకు కష్టం కలిగించేది వేరే. అరగంట సేపు అన్నీ తీయించి, ఒక్కో దాని గురించి వివరాలన్నీ అడిగి తెలుసుకుని, మా ముందే ఫోన్‌లో అదే వస్తువు రేటు చూసి అక్కడ ఆర్డర్ పెట్టేవాళ్లున్నారు. అది మనసుకు తగులుతుంది. అడగకుండా షాపంతా ఫోటోలు తీసుకోవడం కూడా అంతే, ఒక్క మాట అడిగితే దాదాపు అందరూ సరే అంటారు.

కాబట్టి లోపలికి రాగానే ఒక నమస్కారమో చిన్న నవ్వో, తర్వాత "ఊరికే చూస్తున్నానండీ" అనండి, అయిపోయింది. ఆ మాటతో మేం కూడా వెంటపడి చూపించాల్సిన పని తప్పుతుంది. వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లండి. రెండోసారి వచ్చినప్పుడు మీ ముఖం గుర్తుంటుంది, మూడోసారికి మేమే పలకరిస్తాం.

ఒక్క కేఫ్ విషయంలో మాత్రం లెక్క మారుతుంది. నాలుగే బల్లలున్న చోట రద్దీ వేళ ఒక్క కాఫీతో నలుగురు కూర్చునే బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరిచి గంటల తరబడి కూర్చోవడం వాళ్ల పొట్ట కొట్టినట్టే. ఒక్కరే వెళ్లినప్పుడు చిన్న బల్ల తీసుకోండి, ఎక్కువసేపు ఉండాలనుకుంటే ఇంకోటి ఏదైనా చెప్పండి.

పేజీమడత:

అందరూ నన్నే చూస్తారు అన్న భయం నాకూ ఉండేది, కాబట్టి దాని గురించే రాస్తాను. మనస్తత్వ శాస్త్రంలో దీనికి స్పాట్‌లైట్ ఎఫెక్ట్ అని పేరుంది. 2000 సంవత్సరంలో థామస్ గిలోవిచ్, మరో ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. విద్యార్థులకు సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్టు వేసి, మిగతావాళ్లు కూర్చున్న గదిలోకి పంపారు. బొమ్మను ఎంతమంది గమనించి ఉంటారని అడిగితే, వేసుకున్నవాళ్లు దాదాపు సగం మంది అన్నారు, నిజంగా గమనించింది అందులో సగమే, అంటే నలుగురిలో ఒకరు. అది కావాలని చూపు లాగేలా ఎంచుకున్న టీషర్టు. మామూలు బట్టల్లో వెళ్లి మూల బల్ల దగ్గర కూర్చునే మిమ్మల్ని ఎవరు అంతలా పట్టించుకుంటారు చెప్పండి?

ఇంకొకటి మీ సందర్భానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. రెబెకా రాట్నర్, రెబెకా హామిల్టన్ అనే ఇద్దరు 2015లో ప్రచురించిన పరిశోధనలో, ఆర్ట్ గ్యాలరీ పక్కగా వెళ్తున్నవాళ్లను ఆపి, లోపలికి వెళ్తే ఎంత బాగుంటుందనుకుంటున్నారో ముందే అడిగారు. ఒంటరిగా ఉన్నవాళ్లు అంతగా బాగుండదని అంచనా వేశారు, కానీ చూసి వచ్చాక అడిగితే తోడుతో వెళ్లినవాళ్లతో సమానంగా ఆనందించారని తేలింది. మనల్ని ఆపేది గుమ్మం బయట వేసుకునే ఆ అంచనానే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. మీరు అద్దంలోంచి చూసి ఆగిపోయారు చూడండి, సరిగ్గా అక్కడ.

నేను చేసింది చాలా చిన్నది. మొదటిసారి పార్సిల్ చెప్పి, అది వచ్చేదాకా కౌంటర్ దగ్గర నిలబడ్డాను. ఎక్కడ చెప్పాలి, డబ్బు ముందు కట్టాలా తర్వాతా, వెలుతురు ఏ మూల బాగుంది, ఇవన్నీ ఆ ఐదు నిమిషాల్లో తెలిసిపోయాయి. రెండోసారి పుస్తకం పట్టుకెళ్లి కూర్చున్నాను. సగం టెన్షన్ ఆ చోటి పద్ధతి తెలియకపోవడం వల్లే వస్తుంది.

చెవుల్లో ఇయర్‌ఫోన్స్ మాత్రం పెట్టుకోకండి. 2014లో శాండ్‌స్ట్రామ్, డన్ అనే పరిశోధకులు ఒక కాఫీ షాపు దగ్గర, కొందరిని కౌంటర్‌లో ఉన్న మనిషితో నవ్వుతూ రెండు మాటలు మాట్లాడమని, కొందరిని చకచకా పని ముగించుకు రమ్మని పంపారు. మాట్లాడినవాళ్లే ఎక్కువ సంతోషంగా బయటికొచ్చారు. కొత్త ఊళ్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ రెండు మాటలే ఆ రోజుకు మనం పెదవి విప్పి మాట్లాడినవి కావచ్చు.

సందుమలుపు:

చెల్లీ, జాగ్రత్తల సంగతి నేను చెప్తాను, పదేళ్లుగా ఎక్కడికెళ్లినా ఒక్కదాన్నే తిరుగుతున్నాను.

మొదటిసారి ఏ వీధికైనా పగటిపూట వెళ్లు. షాపులు తెరిచి ఉన్న వీధి అంటే ఎవరో ఒకరు చూస్తున్న వీధి. నగరాల గురించి రాసిన జేన్ జేకబ్స్ 1961లోనే దీన్ని వీధి మీద కళ్లు అంది. కాపలా పెట్టక్కర్లేకుండా షాపువాళ్లూ, వచ్చీపోయేవాళ్లూ, కిటికీలోంచి చూసేవాళ్లూ కలిసి వీధిని భద్రంగా ఉంచుతారని ఆమె చెప్పింది. నా అనుభవం కూడా అదే. పెద్ద పెద్ద గోడలూ, మూసిన షట్టర్లూ ఉన్న వెడల్పాటి రోడ్డు కన్నా చిన్న కొట్లు వరసగా ఉన్న సందులో నాకు ఎక్కువ ధైర్యంగా ఉంటుంది. అయితే అదే సందు షట్టర్లు దించేశాక వేరే సందు, కాబట్టి ఏ వేళకు మూస్తారో ముందే కనుక్కో.

వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఒక గంటకో ఎనిమిది గంటలకో పెట్టి ఇంట్లోవాళ్లకో నమ్మకమైనవాళ్లకో పంపు. మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో దించుకో. కేఫ్‌లో గోడకు వీపు పెట్టి, గుమ్మం కనిపించేలా కూర్చుంటే మనసు కుదురుగా ఉంటుంది. మాట కలిపినవాళ్లకు ఏ ఇల్లో, ఒక్కదానివే ఉంటున్నావో చెప్పొద్దు, ఎంత మంచివాళ్లలా అనిపించినా సరే. ఎవరైనా ఇబ్బంది పెడితే మర్యాదకు పోయి కూర్చోకు. కారణం చెప్పకుండా లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లిపో, అక్కడి వాళ్లకు చెప్పు. నాకు ఒకసారి అలా జరిగింది, ఒకతను బయటిదాకా వెంట వచ్చాడు, నేను పక్కనే ఉన్న మందుల షాపులోకి వెళ్లి విషయం చెప్పాను. షాపులో ఉన్నావిడ నన్ను లోపల కూర్చోబెట్టి, అతను వెళ్లాక ఆటో దాకా వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

పైన అన్నవాళ్లతో ఒక్క విషయంలో నేను ఏకీభవించను. ఇయర్‌ఫోన్స్ అసలు వద్దనక్కర్లేదు. మాట్లాడే ఓపిక లేని రోజులుంటాయి, లోపల కూర్చున్నప్పుడు పెట్టుకుంటే ఎవరూ కదిలించరు. వీధిలో నడిచేటప్పుడు మాత్రం తీసెయ్, వెనక ఏం వస్తోందో వినపడాలి.

కాలినడక:

అక్క చెప్పింది నిజం, వీధిలో తీసెయ్యాల్సిందే. ఒకటి మర్చిపోయాను, ఒకే రోజు ఐదారు చోట్లు చుట్టేయాలని చూడకండి. ఒకే షాపు, వారం వారం, వీలైతే అదే వేళకు వెళ్లండి. అన్ని చోట్లకూ ఒక్కోసారి వెళ్తే అన్ని చోట్లా కొత్త మనిషిలాగే మిగిలిపోతాం.

కిటికీసీటు (ప్రశ్న అడిగినవారు):

అందరికీ చాలా థ్యాంక్సండీ. ఈ రోజు మధ్యాహ్నం సెలవు తీసుకుని వెళ్లాను, ఇప్పుడే గదికొచ్చి రాస్తున్నాను.

కుర్తాకు ఊడిన గుండీ చేతిలో పట్టుకుని దారాల కొట్టుకు వెళ్లాను. లోపల నేల నుంచి పైకప్పు దాకా చిన్న చిన్న సొరుగులు, ప్రతి సొరుగుకూ బయట ఒక్కో గుండీ కుట్టి ఉంది, లోపల ఏముందో తెలియడానికి. అక్కడున్న ఆవిడ నా గుండీని వేళ్లతో ఒకసారి తడిమి, నిచ్చెన జరిపి తిన్నగా ఒక సొరుగు లాగింది. అచ్చం అలాంటిదే. ఎలా గుర్తుంటాయండీ అని అడిగాను, అంతే, అరగంట గడిచిపోయింది. ఆవిడే స్టూలు వేసింది.

కేఫ్‌కు కూడా వెళ్లాను సందుమలుపు అక్కా, గోడ పక్క బల్లే తీసుకున్నాను. మొదటి ఐదు నిమిషాలు గుండె దడదడలాడింది, ఎవరూ తలెత్తి చూడలేదు. నాలాగే ఒక్కరే కూర్చున్నవాళ్లు ముగ్గురున్నారు. పాత పుస్తకాల షాపు ఇవాళ మూసి ఉంది, గురువారం తెరుస్తారని పక్క కొట్టతను చెప్పాడు. కొట్టుపిల్లాడు గారూ, అక్కడ పుస్తకాలు తీసి చూశాక తిరిగి అదే అరలో పెట్టేయొచ్చా, లేక బయటే వదిలేస్తే వాళ్లే సర్దుకుంటారా?

కొట్టుపిల్లాడు:

ఎక్కడి నుంచి తీశారో గుర్తుంటే అక్కడే పెట్టండి. సందేహంగా ఉంటే బల్ల మీద వదిలేయండి, తప్పు అరలో పెడితే ఆ పుస్తకం మాకు నెలల తరబడి దొరకదు.